వేరుశనగ తగలని గింజలు

ఏ పెళ్లికో పేరంటానికో వెళ్లి, గింజల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యానని నోరు జారానా, ఇక అయిపోయినట్టే. "గుమ్మడి గింజలు పరగడుపున తినాలా అండీ? అవిసె గింజలు వేయించాలా, నానబెట్టాలా? పొద్దుతిరుగుడు గింజలు తింటే జుట్టు ఊడదటగా?" అంటూ చుట్టూ చేరతారు. శుభ్రంగా ఉన్నవి కొనుక్కుని బాగా నమిలి తినండి, అంతకు మించి నాకు తెలీదు అంటాను. మొహాలు చిన్నబుచ్చుకుంటారు. ఏదో రహస్యం దాస్తున్నానని అనుమానం.

నాకు తెలిసిన సంగతి వేరే ఉంది. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో "ఇందులో వేరుశనగ లేదు, గోధుమ లేదు, పాలు లేవు" అని రాసి ఉంటుంది చూడండి. ఆ "లేదు" అనే మాటే నా ఉద్యోగం. ఫ్యాక్టరీ కాగితాల్లో దాని కింద నా సంతకం ఉండేది. ఈ లైన్లోకి వస్తున్న కుర్రకారు కొందరు, మేడమ్, మీ అనుభవాలు రాయండి అని అడిగారు. సరే, రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. నచ్చకపోతే ఇక్కడే ఆపేయండి.

పిట్టల కాలం

మా ఫ్యాక్టరీ గోపాలపట్నం దాటాక, హైవేకి కాస్త లోపలగా, రెండు రేకుల షెడ్లు. నేను చేరినప్పుడు మా సరుకంటే నువ్వులు, వలిసెలు. వలిసెలంటే నల్లటి సన్న నూనె గింజలు, మన్యం నుంచి వచ్చేవి. రాళ్లూ మట్టీ తీసి, జల్లించి, సంచులకెత్తి పోర్టుకి పంపేవాళ్లం. అవి సముద్రం దాటి వెళ్లి ఎక్కడో పంజరాల్లో ఉన్న పిట్టల నోట్లో పడేవి. పిట్టలు ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వవు కదా, హాయిగా ఉండేది.

తర్వాత మనుషులు తినడం మొదలుపెట్టారు. మనం పులుసు వండుకుని, లోపలి గింజలు గీకి పెంటమీద పారేసిన గుమ్మడికాయకు ఒక్కసారిగా గౌరవం వచ్చింది. బేకరీలవాళ్లు, లడ్డూలు చేసేవాళ్లు, పిల్లల పొడులు కలిపేవాళ్లు అందరూ గింజలు కావాలన్నారు. జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్లకు బలమైన తిండి ఏదంటే గింజలే అన్నారు. అది నిజమే. కానీ దాంతోపాటు "ఎలర్జీ లేని గింజ" అని ఒక మాట పుట్టింది. చూడండి, అది పచ్చి అబద్ధం. నువ్వులు మనం చిమ్మిలి చేసుకుని తింటాం, అవే పడక ఆసుపత్రి పాలయ్యేవాళ్లు ఉన్నారు. ఎవరికీ పడని తిండి లేదు, అందరికీ పడే తిండీ లేదు. మనం చెప్పగలిగింది ఒక్కటే. ఈ సంచిలో ఫలానాది లేదు. ఆ చెప్పేదైనా సరిగా చెప్పాలి. మార్కెటింగ్‌వాళ్లు "ఎలర్జీ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో బొమ్మ వేసుకొస్తే దాన్ని చించి చెత్తబుట్టలో పడేయండి. నేను రెండుసార్లు పడేశాను.

పెద్దాయన

నాకు పని నేర్పింది ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన. పెద్ద చదువు లేదు. నేను కెమిస్ట్రీ చదివి వచ్చాను కాబట్టి మొదట్లో ఆయనంటే లోపల చులకన ఉండేది. చేరిన కొత్తలో ఒక లోడు గోనె సంచులు వచ్చాయి. చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి, దులిపించి పాస్ చేసేశాను. ఆయన వచ్చి ఒక సంచిలో తల దూర్చి, బయటికి తీసి, నన్నూ దూర్చమన్నారు.

"ఏటి వాసన?"

"గోనె వాసనండీ."

"ఇంకోపాలి సూడు."

మూడోసారికి తెలిసింది. వేరుశనగ. ఆ సంచులు అంతకుముందు ఏ నూనె మిల్లులోనో పనిచేసి వచ్చాయి. ఆయన తిట్టలేదు. "సదువుకున్నావు కదాని ముక్కు ఇంటికాడ ఒగ్గేసి రావొద్దమ్మా" అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు. ఆ రోజు నుంచి లోపలికి వచ్చే ప్రతిదీ వాసన చూసేదాన్ని. సంచులు, తాళ్లు, లారీ టార్పాలిన్లు. లారీ డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనివ్వండి.

ఆయన తర్వాత కొడుకు ప్రసాదరావు గారు వచ్చారు. ఈయన్ని చెడ్డవాడని నేను రాయను. విదేశీ బేరాలు తెచ్చింది, గుమ్మడి గింజల లైను వేసింది ఈయనే. ఆయన లేకపోతే ఆ షెడ్లలో ఇప్పుడు టైర్లు అమ్ముతూ ఉండేవారు. కానీ తండ్రి సంచిలో తల పెట్టేవాడు, కొడుకు బ్రోచర్‌లో పెట్టేవాడు.

చేటలు

గుమ్మడి గింజలకు రంగు చూసి ఏరే మెషిన్ కొన్నారు. మంచి మెషినే. కానీ పొట్టు అంటుకున్న గింజనీ, తాలు గింజనీ వదిలేసేది. అప్పుడు నేనే సలహా ఇచ్చాను. మెషిన్ తర్వాత ఒకసారి చేటలతో చెరిగిద్దాం అని. సింహాచలం వైపు ఊళ్ల నుంచి పన్నెండుమంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లకు పెద్ద అప్పలనర్సమ్మ. ఆమె చేట పట్టుకుని రెండుసార్లు ఎగరేస్తే తాలు ముందుకొచ్చి పడేది, గింజ వెనక నిలబడేది. మెషిన్ ఆపరేటర్ నోరు తెరుచుకుని చూసేవాడు. ప్రసాదరావు గారు ఫొటో తీయించి బ్రోచర్ మీద వేయించారు.

నేను మహా జాగ్రత్తపరురాల్ని కదా, రూల్స్ పెట్టాను. ఇంటి చేటలు తేకూడదు, వాటిలో ఏమి చెరిగారో తెలీదు. క్యారేజీలో వేరుశనగ పచ్చడి తేకూడదు. పనికి ముందు చేతులు మోచేతుల దాకా కడగాలి. సింహాచలం కొండ కింద మేదరివాళ్ల దగ్గర కొత్త చేటలు నేనే దగ్గరుండి కొన్నాను. ఆడవాళ్లు వాటిని ఇంటికి పట్టుకెళ్లి, మూడు రోజులకు తెచ్చారు.

అంచుల నిండా, అడుగు నిండా లేత పసుపు రంగు పూత. ఒకటి తీసుకుని వాసన చూశాను. మెంతులు. మెంతులూ పాత కాగితాలూ నానబెట్టి రుబ్బి, కొత్త చేటకు మెత్తి, ఎండబెట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. సందులు మూసుకుంటాయి, పేళ్లు గుచ్చుకోవు, చేట గట్టిపడుతుంది. మా అమ్మ కూడా అలాగే చేసేది. ఆ వాసనకి నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎంత బాగా పూసారే!" అన్నాను. అప్పలనర్సమ్మ మురిసిపోయింది. పన్నెండు చేటలూ పాస్.

పెద్దాయన ముక్కు తెమ్మన్నారు, తెచ్చాను. ఆ పూట బుర్ర ఇంటిదగ్గర వదిలేసి వచ్చాను.

కూర్మన్నపాలెం నుంచి ఫోన్

వానాకాలంలో ఒక రోజు లాబ్ ఫోన్ మోగింది. కూర్మన్నపాలెం నుంచి జ్యోతి అనే ఆవిడ. భర్తకు స్టీల్ ప్లాంట్‌లో పని. వాళ్ల పాప హర్షితకి ఆరేళ్లు, వేరుశనగ పడదు. మా గుమ్మడి గింజల ప్యాకెట్ కొని, బెల్లంతో లడ్డూ చేసి పెట్టింది. పావుగంటలో పెదాలు వాచాయి, వాంతులు, ఊపిరి ఈల వేసింది. గాజువాకలో ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తారు. పిల్ల దక్కింది.

ఆవిడ అరుస్తుందేమో అని సిద్ధంగా ఉన్నాను. అరవలేదు.

"మా పాప తినేవే నాలుగు రకాలు మేడమ్. బయట బిస్కట్ కూడా కొనం. మీ ప్యాకెట్ మీద లేదని రాసుంటే, లేదనుకున్నాను. అంతే."

ప్రసాదరావు గారికి చెప్పాను. "ఇంట్లో ఇంకేటి తిందో ఎవలికి తెల్సు మేడమ్? మన సరుకు కాదని ఒక ఉత్తరం పడేయండి" అన్నారు. ఆవిడతో మాట్లాడొద్దని కూడా అన్నారు. అప్పటికే మళ్లీ ఫోన్ చేస్తానని ఆవిడకు మాటిచ్చేశాను.

ఆ లాటులోంచి దాచిన శాంపిల్ తీసి వేరుశనగ కిట్ పెట్టాను. వేరుశనగ లేకపోతే ఒక గీతే రావాలి. రెండో గీత సన్నగా, వెంట్రుకలా కనిపించింది. మళ్లీ పెట్టాను. మళ్లీ వచ్చింది. ఆ పిల్ల తిన్న లాటు మీద ఉన్నది నా సంతకం.

క్యారేజీలు

ఇప్పుడు చెప్పబోయేది తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది. నా అనుమానం మొదట ఆడవాళ్ల మీదికే పోయింది. పచ్చడి తెచ్చి ఉంటారు, చేతులు కడిగి ఉండరు. పన్నెండుమందినీ వరసగా నిలబెట్టి క్యారేజీలు విప్పించాను. సంచులు దులిపించాను. కొంగుకి ముడి ఉంటే అదీ విప్పమన్నాను. చల్దన్నం, ఎండు చేపల ఇగురు, ఒకామె కొంగులో తమలపాకు. వేరుశనగ గింజ ఒక్కటీ లేదు.

అప్పలనర్సమ్మ క్యారేజీ మూత బిగించి నా ముందుకొచ్చింది.

"కేరేజీలు సూసేసారు. కొంగులు ఇప్పించి సూసేసారు. మరి సేటలు సూడరేటి? మీరు కొన్నవని ఒగ్గేసారా?"

తన చేట తెచ్చి నా బల్ల మీద టప్పున పెట్టింది. వానల తేమకి పూత మెత్తబడి, అడుగున అక్కడక్కడ పెచ్చులూడి ఉంది. ఆ పెచ్చులు ఎక్కడికి పోయి ఉంటాయో అడగక్కర్లేదు. గోటితో ఒక పెచ్చు గీకి, నీళ్లలో కలిపి కిట్ పెట్టాను. రెండో గీత ఎర్రగా, లావుగా వచ్చేసింది.

"పూతలో ఏటేసారు?" అన్నాను.

"మెంతులు, పేపరు. ఇంకేటేత్తాం?"

లాబ్ కుర్రాణ్ని కొట్టుకి పరిగెత్తించి మెంతులు తెప్పించి, రుబ్బి, ఆ కిట్టే పెట్టాను. గీత. అప్పుడు నా చదువు నాకు గుర్తొచ్చింది. మెంతులూ వేరుశనగా ఒకే కుటుంబానివి. కిట్ ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటోంది. కిట్ పొరబడినట్టే కొందరి ఒళ్లు కూడా పొరబడుతుంది. వేరుశనగ పడనివాళ్లలో కొంతమందికి మెంతులూ పడవు.

జ్యోతికి ఫోన్ చేశాను. పాప మెంతులు తింటుందా అని అడిగాను.

"ఆవకాయ పెట్టిన పెతీసారీ నోరు దురదమ్మా అని ఏడుత్తాది మేడమ్. కారమనుకుని నీళ్లు తాగించేదాన్ని."

తర్వాత డాక్టర్ పరీక్ష చేసి అదే చెప్పారు. మెంతులు పడవు. గుమ్మడి గింజలు పడతాయి. చేటలు మేదరివాళ్లవి, పూత ఆడవాళ్లది, మురిసిపోయి పాస్ చేసింది నేను.

మర్నాడు ఆ పన్నెండుమంది ముందు నిలబడి, తప్పు నాది, మీ కొంగులు విప్పించడం ఇంకా పెద్ద తప్పు అని చెప్పాను. ఒకరిద్దరు పర్లేదమ్మా అన్నారు. అప్పలనర్సమ్మ అనలేదు. అనకపోవడమే న్యాయం.

సంతకం

ఈలోగా అదే చేటల్లో చెరిగిన ఇంకో లాటు షెడ్లో సిద్ధంగా ఉంది. కంటైనర్ పోర్టుకి వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. సంచుల మీద "వేరుశనగ లేదు" అని అచ్చు వేసేశారు. నా సంతకం ఒక్కటే బాకీ.

ప్రసాదరావు గారు లాబ్‌కే వచ్చారు. "మేడమ్, మీరు కెమిస్టు. మీరే చెప్పండి. మెంతులంటే వేరుశనగా?"

"కాదండీ."

"మరి లేబుల్ మీద ఏటుంది? వేరుశనగ లేదని. లేదు కదా. అందులో అబద్ధం ఏటుంది?"

ఆ వాదన మామూలుది కాదు. పిల్లలూ, మీ దగ్గరికి దొంగ సరుకు మీద సంతకం పెట్టమని ఎవరూ రారు. అక్షరాలా నిజమైన కాగితం పట్టుకొస్తారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

"లేబుల్ ఎవరికోసం వేశామండీ? వేరుశనగ పడనివాళ్ల కోసం. వాళ్లలో కొందరిని ఈ సంచి ఆసుపత్రికి పంపిస్తుంది. అది నాకు తెలుసు. తెలిసి పెట్టను."

"పోనీ ఆ ఆడోళ్లని మానిపించేసి, తప్పు ఆళ్లదని రాసేద్దాం. కొనేవాడు కూడా ఊరుకుంటాడు."

"తప్పు నాదని రాసి మీ బల్ల మీద పెట్టాను. చదవలేదా?"

ఆయన మొహం ఎర్రబడింది. "నాన్నగారి టైం నించీ ఉన్నారని మర్యాదిస్తన్నాను. సంతకం పెట్టకపోతే ఇంటికాడ కూసోవచ్చు మీరు."

"కూర్చుంటానండీ. ముందు ఈ సంచులు బయటికి కదలకూడదని ఎర్ర చీటీ కట్టి వెళ్తాను."

నేనే కట్టాను, ఒక్కో సంచికి, తాడు పురి వేసి మరీ. ఆ నెల మా ఇంట్లో నా జీతం తప్ప ఇంకో జీతం లేదు. అయినా కట్టాను. ఆయన నన్ను పొమ్మనలేదు. సంతకం పెట్టగలిగినవాళ్లు ఆ కంపెనీలో ఇంకెవరూ లేరు, అదీ సంగతి. మంచితనం వల్ల ఆగారని రాస్తే పెద్దాయన పైనుంచి నవ్వుతారు. ఆ కంటైనర్ మాత్రం వెళ్లలేదు. లాటు మీద "మెంతులు తగిలి ఉండవచ్చు" అని కొత్త లేబుల్ వేసి, మామూలు సరుకుగా ఇక్కడే అమ్మాం.

మరి చేటలు? నేను స్టీలు చేటలు తెప్పించాను. అప్పలనర్సమ్మ ఒకటి ఎగరేసి పక్కన పడేసింది. "గింజ జారిపోతంది, నిలబడదు. ఒక మాట సెప్పనా మేడం గారూ? పూత నువ్వులకీ సోళ్లకీ. గుమ్మిడి గింజ సందులోంచి దూరిపోద్దేటి? మాకు అలవాటైపోయి పూసేసాం."

అవును. నువ్వులూ సోళ్లూ, అంటే రాగులూ, సన్నవి. వేలిగోరంత గింజకు సందులు మూయడం దేనికి? అలవాటు. ఆమె పూసింది అలవాటుకొద్దీ, నేను పాస్ చేసింది అలవాటుకొద్దీ. ఎవరం అడగలేదు. మేదరివాళ్లతో బిగువుగా అల్లించి, పేళ్లు మంట మీద కాల్చి, వేడినీళ్లలో ఉడికించి, ఎండబెట్టి వాడాం. పూత లేదు. అయిదు శాంపిళ్లు పెట్టాను. అయిదింటికీ ఒక్కటే గీత. ఆ లాటు మీద సంతకం పెట్టాను. లేబుల్లో వేరుశనగ లేదన్న దానితో పాటు మెంతులు లేవన్న మాట కూడా చేర్చాను.

అరగంట

ఈ సంగతి చెబుదామని జ్యోతికి ఫోన్ చేశాను. ఇక మా గింజలు కొననంటుందని అనుకున్నాను. అంటే అననీ, ఆ హక్కు ఉంది.

"ఆ గింజలు అమ్మడం మానేయకండి మేడమ్" అంది. "పాప తినే నాలిటిలో ఇదొకటి. డాక్టర్ గారూ పెట్టమన్నారు. కానీ నాకు సెయ్యి రావట్లేదు. ప్యాకెట్ సూత్తే గుండె దడ. మీరొచ్చి నా ఎదురుగా కూసోండి. అప్పుడు కోత్తాను."

ప్రసాదరావు గారిని అడిగాను. వద్దన్నారు. మళ్లీ ఏమైనా అయితే కంపెనీ మనిషి అక్కడ ఉండకూడదట. సరిగ్గా అందుకే కంపెనీ మనిషి అక్కడ ఉండాలి. సెలవు చీటీ రాసి బస్సెక్కాను. ఒకటి గుర్తుపెట్టుకోండి. నేను సంతకం పెట్టాకే వెళ్లాను, ముందు కాదు. పిల్ల మీద పరీక్ష చెయ్యడానికి వెళ్లలేదు. నా సంతకానికి ఎదురుగా కూర్చోవడానికి వెళ్లాను.

చిన్న క్వార్టర్. నైట్ డ్యూటీ చేసి వచ్చిన భర్త నిద్ర మానుకుని, గుమ్మంలో బండి తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద డాక్టర్ ఇచ్చిన ఇంజెక్షన్, పక్కన అరగంట లెక్క చూడ్డానికి గడియారం. ప్యాకెట్ కొయ్యబోతే కత్తెర జ్యోతి చేతిలో ఆగిపోయింది. నేనే కోశాను. అయిదు గింజలు లెక్కపెట్టి పాప అరచేతిలో పెట్టింది. హర్షిత కాళ్లూపుకుంటూ ఒక్కొక్కటీ నమిలింది. ఇక గదిలో చూపులన్నీ ఆ పిల్ల పెదాల వైపే.

అన్నేళ్ల సర్వీసులో నేను చేసిన అసలు ఉద్యోగం ఆ అరగంటే అనిపిస్తుంది. మిగతాదంతా దానికి తయారు కావడమే. ఎన్ని రిపోర్టులు రాసినా అంత భయపడలేదు. దేవుడికి మొక్కలేదు. పన్నెండు చేటలనీ, ఉడికించిన నీళ్లనీ, అయిదు గీతలనీ మళ్లీ మళ్లీ మనసులో తిరగేసుకున్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

అరగంట అయ్యేసరికి పిల్లకి విసుగొచ్చేసింది. "అందరూ నన్నే సూత్తన్నారేటి? ఇంకాసిని పెట్టు" అంది. జ్యోతి మొహం కొంగుతో కప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. భర్త గుమ్మంలోనే కింద కూలబడ్డాడు. పాపకి గుప్పెడు నేనే పోశాను.

రెండో రోజు నా బల్ల మీద మెమో. అనుమతి లేకుండా కస్టమర్ ఇంటికి ఎందుకు వెళ్లారు, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి అని. ఆ కాగితం మీదే, ఆయన సంతకం కింద, నా జవాబు రాసి పంపాను.

"వెళ్లాను. పాప బాగుంది. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తాను."